'భిన్న స్వరాలు' సెషన్ చూసి ఒళ్ళు మండింది. అన్ని సాహిత్యోత్సవాల్లోనూ ఇంతేనా?

చివరిబెంచీ_పాఠకి
మొన్న ఒక వేసవి సాహిత్యోత్సవం చూసొచ్చా. పేరు చెప్పను, నా గొడవ వాళ్ళొక్కరితోనే కాదు కాబట్టి. కార్యక్రమాల పట్టిక చూసినప్పుడు మాత్రం నిజంగా సంబరపడ్డా. నవలలు రాసేవాళ్ళు, వేదిక మీద నిలబడి కవిత్వం చెప్పేవాళ్ళు, కథ చెప్తూ చెప్తూ పాటలోకి జారేవాళ్ళు, దేశం వదిలి వచ్చినవాళ్ళు, ఒక ట్రాన్స్ రచయిత్రి, చేతులతో కవిత్వం చెప్పే బధిర కవి. ఇంతమంది ఒక్కచోట!

తీరా వెళ్ళాక తెలిసింది, వీళ్ళలో నలుగురిని 'భిన్న స్వరాలు' అని ఒకే సెషన్లో కూర్చోబెట్టారు. మిట్టమధ్యాహ్నం, చిన్న టెంటు, యాభై నిమిషాలు. మోడరేటర్ మొదటి ప్రశ్న: 'మీలాంటి నేపథ్యం నుంచి వచ్చి రాయడం ఎంత కష్టం?' నలుగురికీ అదే ప్రశ్న, వరసగా. పాపం నలుగురూ మర్యాదగా జవాబిచ్చారు. అప్పటికే సగం టైం అయిపోయింది.

అందులో ఒకావిడ నవలంటే నాకు ప్రాణం. చనిపోయిన ముసలాయన ఇంట్లో మిగిలిన సామాను ఒక్కొక్కటీ బయటికి తీస్తూ కథ నడుస్తుంది. ఏ వస్తువు ముందు వస్తుంది, ఏది తర్వాత వస్తుంది అన్న వరసలోనే అసలు రహస్యం దాచింది ఆవిడ. అదెలా కుదిర్చారని ఎవరైనా అడుగుతారని ఎదురుచూశా. ఎవరూ అడగలేదు. చదవమంటారేమోనని ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చదవాల్సిన పేజీలో వేలు పెట్టుకుని కూర్చుంది. చివరి పది నిమిషాల్లో ఆ వేలు తీసేసి పుస్తకం మూసేసింది.

సరిగ్గా అదే సమయానికి పెద్ద వేదిక మీద పేరున్న నవలాకారుడు ఒక్కడికే గంటన్నర.

అన్నిచోట్లా ఇంతేనా? బాగా చేసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా? నిర్వాహకులకి రాద్దామనుకుంటున్నా. ఏం అడగాలో చెప్పండి.

వరసలో_ముందు
ఆ వేలు సంగతి చదివి మనసు చివుక్కుమంది. రాయండి, తప్పకుండా రాయండి.

అడిగేవాణ్ణి
ఇలాంటి సెషన్లు నేను నడుపుతుంటాను కాబట్టి అవతలి వైపు కూడా చెప్తా. మోడరేటర్‌కి పుస్తకాలు ఎప్పుడు అందుతాయో తెలుసా? చాలాసార్లు ఆఖరి వారంలో. నలుగురి పుస్తకాలు ఒకేసారి వస్తాయి. కొన్నిసార్లు అసలు రావు, ఒక్కొక్కరి గురించి నాలుగేసి లైన్ల పరిచయం మాత్రం మెయిల్‌లో వస్తుంది. ఆ నాలుగు లైన్లలో ఉండేదేమిటి? ఎక్కడ పుట్టారు, ఏ నేపథ్యం, ఏ అవార్డు. చేతిలో ఉన్నదదే అయినప్పుడు ప్రశ్నలూ అందులోంచే పుడతాయి. చాలామంది మోడరేటర్లకి దురుద్దేశం ఉండదు. చదవడానికి టైం ఇవ్వని ఏర్పాటులోనే ఉంది తిరకాసు.

ఆకుపచ్చసిరా
అడిగేవాణ్ణి గారూ, మరి పేరున్న నవలాకారుడి సెషన్లో ఈ తిరకాసు ఎందుకు రాదు? ఆయన్ని 'మీ నేపథ్యం నుంచి రాయడం ఎంత కష్టం' అని ఎవరైనా అడిగారా ఎప్పుడైనా?

అడిగేవాణ్ణి
అడగరు. ఒప్పుకుంటా. అక్కడ చదవాల్సింది ఒక్క మనిషి పుస్తకమే కాబట్టి మోడరేటర్ మొత్తం చదివే వస్తాడు. పైగా ఆ సెషన్ నడపడానికి పోటీ ఉంటుంది. నలుగురి ప్యానెల్ మాత్రం 'ఎవరైనా ఖాళీగా ఉన్నారా' అని ఆఖర్న అంటగడతారు.

కొత్తకలం
అందరూ ఆ సెషన్ని తిడుతున్నారు. నేను అలాంటి సెషన్లోంచే వచ్చాను. నాకు ఎవరూ తెలియదు, నా పుస్తకం వేసిన ప్రచురణ సంస్థ చిన్నది, పత్రికల్లో ఒక్క సమీక్ష రాలేదు. 'కొత్త గొంతులు' అని ఐదుగురితో ఒక ప్యానెల్ పెట్టి పిలిచారు. నాకు దక్కింది ఏడెనిమిది నిమిషాలు. ఆ ఏడెనిమిది నిమిషాలు విన్న ఒకావిడ బయట పుస్తకాల బల్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది. ఇప్పుడు నా రెండో పుస్తకానికి ఎడిటర్ ఆవిడే. ప్యానెల్ వద్దంటే రేపు పిలిచేది కూడా ఉండదు. ఖాళీ చేసిన ఆ కుర్చీ మళ్ళీ పేరున్నవాళ్ళకే పోతుంది.

చివరిబెంచీ_పాఠకి
తమ్ముడూ, పిలవొద్దని నేననడం లేదు. పిలిచిన మనిషిని రాసిన దాని గురించి అడగమంటున్నా. నీ ఏడెనిమిది నిమిషాల్లో నువ్వు చదివావా, నీ కష్టాలు చెప్పావా?

కొత్తకలం
చదివానక్కా. అడక్కుండానే లేచి చదివేశా. మోడరేటర్ కాస్త కంగారుపడ్డారు.

వరసలో_ముందు
శభాష్! ఇక మీదట అందరూ ఇదే పద్ధతి.

సంచారి77
బాగా చేసేవాళ్ళు ఉన్నారా అని అడిగారు కదా, నాకు తెలిసినవి చెప్తా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫుర్ట్ అని ఒక పట్నం. 1977 నుంచి అక్కడ ప్రతి వేసవిలో ఇంగేబోర్గ్ బాఖ్‌మన్ అనే రచయిత్రి పేరుతో పోటీ జరుగుతుంది. జర్మన్లో రాసేవాళ్ళు ఇంకా అచ్చవని రచన తెచ్చి, వేదిక మీద కూర్చుని, దాదాపు అరగంట చదవాలి. చదవడం కాగానే న్యాయనిర్ణేతలు అక్కడికక్కడే, రచయిత ముందే, ఆ రచన గురించి వాదించుకుంటారు. ఇదంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారం. చర్చ మొత్తం ఆ రచన చుట్టూనే. 2016లో షారన్ డోడువా ఓటూ గెలిచింది. లండన్లో పుట్టి, ఘనా మూలాలున్న మనిషి, రాసింది జర్మన్లో. 2018లో గెలిచిన తాన్యా మల్యార్‌చుక్ పుట్టింది ఉక్రెయిన్లో. వాళ్ళకోసం వేరే సెషన్ పెట్టలేదు, అందరితో పాటే అదే కుర్చీ, అదే అరగంట.

ఇంకోటి జమైకాలో కాలబాష్. 2001లో క్వామే డావ్స్, కాలిన్ చానర్, జస్టిన్ హెంజెల్ కలిసి మొదలుపెట్టారు. ట్రెజర్ బీచ్ అనే సముద్రపు ఒడ్డు పల్లెలో జరుగుతుంది, టికెట్ లేదు. పెద్ద కవులు చదివే ఆ ఉత్సవంలోనే ఓపెన్ మైకు కూడా ఉంటుంది, వినడానికి వచ్చినవాళ్ళెవరైనా ఎక్కి చదవచ్చు. 2008లో నోబెల్ పొందిన కవి డెరెక్ వాల్కాట్ అక్కడే ఇంకో నోబెల్ రచయిత నైపాల్‌ని ఏకిపారేస్తూ ఒక పద్యం చదివాడు, అదో పెద్ద వార్త అయింది అప్పట్లో.

ఆకుపచ్చసిరా
క్లాగెన్‌ఫుర్ట్ పద్ధతి నాకు నచ్చదు. రచయిత నోరు మూసుకుని కూర్చుంటే ఎదురుగా జనం ముందు ముక్కలు ముక్కలు చేస్తారు, కెమెరా ఆ మొహం మీదే. అది సన్మానమా శిక్షా? కొత్తగా రాసేవాళ్ళు దెబ్బకి మళ్ళీ కలం పట్టకపోతే?

సంచారి77
కఠినమే, కాదనను. కానీ పొగడ్తలతో పక్కన పెట్టేయడం కంటే రచనని పట్టుకుని పోట్లాడటం నాకు గౌరవంగా కనిపిస్తుంది. 'మీ సాహసానికి జోహార్లు' అనేసి ఆ వాక్యం ఎందుకలా రాశావని అడక్కపోతే, చదవలేదని చెప్పినట్టే కదా.

అచ్చుతప్పు
ఇదంతా సరే, అసలు సాహిత్యోత్సవంలో ప్రదర్శకులు ఎందుకు? మైకు పట్టుకుని గొంతు పెంచి, చేతులు ఊపి, చప్పట్లు కొట్టించుకోవడం వేరే కళ. దానికి వేరే వేదికలున్నాయి. ఇంటికెళ్ళి అవే లైన్లు కాగితం మీద చదివితే సగం పైగా గాలే. కోపంతో అనడం లేదు, నిజంగా వెళ్ళి, విని, కొని, చదివి చెప్తున్నా.

మైకు_ముందు
అచ్చుతప్పు గారూ, నేను ఆ పని చేసేదాన్నే. కొని చదివినందుకు ముందు థ్యాంక్స్, చాలామంది అది కూడా చేయకుండా అంటారు ఈ మాట.

వేదిక కవిత్వాన్ని కాగితం మీద కొలిస్తే తక్కువే కనిపిస్తుంది, నిజం. ఊపిరి ఎక్కడ తీస్తాం, ఏ మాట దగ్గర ఆగి జనం మొహాల్లోకి చూస్తాం, ఏ లైన్ రెండోసారి మెల్లగా అంటాం, అదంతా రాతలో భాగమే మాకు. నా స్క్రిప్టులో ఆగే చోట్ల గీతలు ఉంటాయి, కొన్ని చోట్ల రెండేసి గీతలు. రెండు గీతలున్న చోట పూర్తిగా ఒక ఊపిరి వదిలి, మళ్ళీ తీసుకుని మొదలెట్టాలి. ఆ గీతలు పెట్టడానికి పద్యం రాసినదానికంటే ఎక్కువ టైం పడుతుంది. మూడు నిమిషాల ముక్క మీద నెలలు కూర్చుంటాం.

ఇక 'వేరే వేదికలు' అన్నారు. మార్క్ స్మిత్ అనే ఆయన షికాగోలో ఇళ్ళు కట్టే పనిచేస్తూ 1980ల్లో ఈ పొయెట్రీ స్లామ్ అనే వేదిక కవిత్వ పోటీ మొదలుపెట్టాడు, 1986 నుంచి గ్రీన్ మిల్ క్లబ్బులో నడిచింది. ప్రేక్షకుల్లోంచే ఐదుగురిని లేపి సున్నా నుంచి పదిలోపు మార్కులు వేయమంటారు, ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు. కవిత్వ సభలంటే జనం ఆవలిస్తున్నారనే అది పెట్టాడాయన. ఇప్పుడు అదే కవిత్వం జనాన్ని లాక్కొస్తుంటే సాహిత్యోత్సవాలు మమ్మల్ని రాత్రి పది తర్వాత, 'అసలు' కార్యక్రమం అయ్యాక, సరదాకి అన్నట్టు పెడతాయి. సౌండ్ చెక్ ఇవ్వరు. ముందు సెషన్లో కూర్చుని మాట్లాడినవాళ్ళ మైకు స్టాండు అలాగే వదిలేస్తారు, నేను నిలబడితే అది నా బొడ్డు దగ్గర ఉంటుంది.

అచ్చుతప్పు
గీతల సంగతి కొత్తగా తెలిసింది. ఎప్పుడైనా అలాంటి ఒక పేజీ ఫొటో పెడితే చూస్తా. అయినా నా అభిప్రాయం అదే. చదివినప్పుడు నిలబడాలి.

ఆకుపచ్చసిరా
నిలబడినవి లేవా? లింటన్ క్వేసీ జాన్సన్ డబ్ పొయెట్రీ చెప్పేవాడు, రెగే సంగీతంతో కలిపి. 2002లో పెంగ్విన్ మోడర్న్ క్లాసిక్స్‌లో ఆయన కవితల పుస్తకం వచ్చింది. ఆ వరసలో బతికుండగా చోటు దక్కిన రెండో కవి, మొదటి నల్లజాతి కవి. రేమండ్ ఆంట్రోబస్ కూడా వేదిక మీదనుంచే వచ్చాడు, బధిరుడు, 2019లో రాత్‌బోన్స్ ఫోలియో బహుమతి ఆయనకే. కవికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. నవలలతో పోటీపడి గెలిచాడు, అది కూడా కాగితం మీదే.

అచ్చుతప్పు
ఆంట్రోబస్ చదివాను, ఆయన్ని లెక్కలోంచి తీసేయండి. ఆయన కవి.

మైకు_ముందు
అదే చెప్తున్నా, నచ్చగానే 'ఆయన కవి' అంటారు, నచ్చకపోతే 'ప్రదర్శకుడు' :)

చేతులే_మాటలు
మొదటి పోస్టులో బధిర కవి మాట వచ్చింది, ఇక్కడ ఆంట్రోబస్ పేరు వచ్చింది కాబట్టి నేనూ చెప్తా. నేను సైగల భాషలో అనువదించే పని చేస్తాను, సాహిత్య సభలకి కూడా వెళ్తాను. నిర్వాహకులు బధిర రచయితని పిలవడంలో పెట్టే శ్రద్ధ ఆ రచయితకి మిగతా సెషన్లు అందేలా చేయడంలో పెట్టరు. ఆయన సెషన్‌కి నన్ను పెడతారు. ఆయన పక్క టెంటులో ఇంకో కవిని వినాలనుకుంటే అక్కడ ఎవరూ ఉండరు. అంటే అతిథిగా వచ్చాడు, ప్రేక్షకుడిగా మాత్రం రాలేకపోయాడు. ఆ రోజంతా ఆయన పుస్తకాల బల్ల దగ్గరే గడిపిన సందర్భం నేను చూశాను.

ఇంకో విషయం. కవితల ప్రతి ముందుగా ఇవ్వరు. మామూలు మాటలైతే వింటూ చేసేయచ్చు. కవిత్వం అలా కుదరదు. ఒక పోలికకి చేతుల్లో ఆకారం వెతకాలి, అది తర్వాతి లైన్లో మళ్ళీ వస్తే అదే ఆకారాన్ని మార్చి చూపాలి. అక్కడికక్కడ వినగానే ఇదెలా చేయను? పైగా గంట సెషన్‌కి ఇద్దరం కావాలి, ఇరవై నిమిషాలకోసారి మారుతుంటాం, లేకపోతే బుర్ర మొద్దుబారి తప్పులు దొర్లుతాయి. ఒక్కరికే డబ్బులిస్తామంటారు. ఇక లైటు! కవి మీద నీలం రంగు లైటు వేసి, నన్ను చీకట్లో నిలబెట్టి, అందరికీ అందుబాటు అని పోస్టర్ వేస్తారు. నా చేతులే కనపడకపోతే ఎవరికి అందుబాటు?

వరసలో_ముందు
లైటు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదండీ. చదివాక సిగ్గేసింది.

చివరిబెంచీ_పాఠకి
చేతులే_మాటలు గారూ, ప్రతి ముందుగా పంపాలి, ఇద్దరు కావాలి, లైటు ఉండాలి. ఈ మూడూ నా ఉత్తరంలోకి తీసుకుంటున్నా.

రెండో_గొంతు
అనువాదకుల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనెత్తుతా. వేరే భాష రచయితని పిలిచినప్పుడు ఆ పుస్తకాన్ని ఇక్కడి పాఠకుడికి చేర్చిన మనిషిని పిలవరు. పిలిచినా వేదిక మీద ప్రశ్నల్ని అటూ ఇటూ చెప్పే పనికి వాడుకుంటారు. నేను అనువదించిన నవల గురించిన సెషన్లో నా కుర్చీ రచయిత వెనక, చెవి దగ్గర. మైకు లేదు. నవలలో ఒక యాస ఉంది, దాన్ని తేవడానికి ఏడాది తల బద్దలు కొట్టుకున్నా. ప్రేక్షకుల్లో ఒకాయన ఆ యాస గురించే రచయితని అడిగాడు, ఆయన వెనక్కి తిరిగి నన్ను చూపించాడు. చెప్దామంటే మైకేదీ!

ఇంటర్నేషనల్ బుకర్ 2016 నుంచి బహుమతి సొమ్ముని రచయితకీ అనువాదకుడికీ చెరిసగం ఇస్తోంది. 2025లో కన్నడ కథల పుస్తకానికి బాను ముష్తాక్‌కీ దీపా భాస్తికీ కలిపి వచ్చింది, ఇద్దరూ కలిసే వేదిక ఎక్కారు. అంత పెద్ద బహుమతే ఒప్పుకున్నదాన్ని ఉత్సవాలు ఒప్పుకోవడానికి ఏం అడ్డం?

సంచారి77
భాష విషయంలో కొలంబియాలో మెడెయిన్ కవిత్వోత్సవం చూసి నేర్చుకోవాలి. 1991లో మొదలైంది. మాదకద్రవ్యాల ముఠాల హత్యలతో సాయంత్రమైతే జనం గడప దాటని రోజులవి. ప్రొమెతెయో అనే కవిత్వ పత్రికవాళ్ళు నడిబొడ్డున కవిత్వం చదువుదాం రమ్మన్నారు, జనం వచ్చారు. ఇప్పటికీ కవి ముందు తన భాషలోనే చదువుతాడు, తర్వాత ఇంకొకరు స్పానిష్‌లో చదువుతారు. కొండ మీది బహిరంగ రంగస్థలంలో వేలమంది, ఒక్క ముక్క అర్థం కాని భాషని కూడా మొదట ఆసాంతం వింటారు, ఆ తర్వాతే అర్థం. 2006లో ఈ ఉత్సవానికి రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది.

ఉత్తర మాసిడోనియాలో స్త్రూగా కవిత్వ సాయంత్రాలు కూడా అలాంటివే, 1960ల నుంచి ఆగస్టులో జరుగుతున్నాయి. కవులు నది వంతెన మీద నిలబడి చదువుతారు, రెండు గట్ల మీదా జనం. వాళ్ళిచ్చే గోల్డెన్ రీత్ బహుమతి 1983లో మన హిందీ కవి అజ్ఞేయకి ఇచ్చారు.

రెండో_గొంతు
అర్థం కాకపోయినా మొదట సొంత భాష. ఎంత బావుందో వినడానికి!

గడియారం_నాదే
ఇంతసేపూ ఊరికే చదువుతూ కూర్చున్నా. నేను ఒక ఉత్సవానికి షెడ్యూల్ వేసే పని చేస్తాను, జీతం లేని పని. మీ కోపం అర్థమవుతుంది, కానీ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఉత్తరం ఇంకా బాగా రాయచ్చు.

పెద్ద వేదిక నిండితేనే టికెట్ల డబ్బు వస్తుంది. అది పేరున్నవాళ్ళతోనే నిండుతుంది, ఆ డబ్బుతోనే చిన్న టెంటు నడుస్తుంది. ఇది మొదటి లెక్క. రెండోది, ప్రయాణం, బస ఖర్చు మనిషికింత అని ఉంటుంది. ఒక కొత్త రచయితని పిలిస్తే ఒక్క సెషన్‌తో వదిలేయడం కంటే మూడింట్లో వాడాలనుకుంటాం. అక్కడే 'వైవిధ్యం' ప్యానెల్ పుడుతుంది, అందర్నీ ఒకచోట చూపినట్టూ ఉంటుంది, గ్రాంటు ఇచ్చినవాళ్ళకి లెక్కలు రాయడానికీ పనికొస్తుంది. ఇది బాగుందని నేననడం లేదు. మా దగ్గర మేం చేసిన మార్పు ఒకటే: ఆ ప్యానెల్ ఎత్తేసి ఆ నలుగుర్నీ విషయాన్ని బట్టి పంచేశాం. నేరనవలలు రాసే ఆవిడని నేరనవలల సెషన్లోకి, ప్రకృతి మీద రాసే ఆయన్ని ప్రకృతి సెషన్లోకి. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు కాలేదు. పెద్ద పేరు పక్కన కూర్చున్నందుకు చిన్న పేరు పుస్తకాలు కూడా అమ్ముడుపోయాయి.

ఆకుపచ్చసిరా
ఇదీ మాటంటే! ఇంత తేలికైనదాన్ని అందరూ ఎందుకు చేయరు?

గడియారం_నాదే
షెడ్యూల్ వేసేవాడు పుస్తకాలు చదివుండాలి కాబట్టి. ఎవరు దేని గురించి రాశారో తెలియకపోతే పంచలేడు. పరిచయం చూసి ఒక చోట కూర్చోబెట్టడం అరగంట పని.

అడిగేవాణ్ణి
మళ్ళీ తిరిగి చదవడం దగ్గరికే వచ్చాం!

కొత్తకలం
గడియారం_నాదే గారూ, డబ్బుల మాట వచ్చింది కాబట్టి అడుగుతా. రచయితలకి పారితోషికం ఇస్తారా మీరు?

గడియారం_నాదే
అందరికీ ఇస్తాం, తక్కువే. ఇవ్వని ఉత్సవాలు చాలా ఉన్నాయని తెలుసు.

సంచారి77
దీని మీద 2016లో పెద్ద రగడే అయింది. ఇంగ్లండు నవలాకారుడు ఫిలిప్ పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్ సాహిత్యోత్సవానికి పోషకుడిగా ఉండేవాడు. మాట్లాడే రచయితలకి డబ్బివ్వడం లేదని ఆ పదవి వదిలేశాడు. టెంటు వేసినవాళ్ళకీ, లైట్లు పెట్టినవాళ్ళకీ డబ్బిచ్చి రాసినవాళ్ళకి ఇవ్వకపోవడం ఏం న్యాయం? ఎడిన్‌బరా పుస్తకోత్సవం వాళ్ళయితే అందరు రచయితలకీ ఒకే మొత్తం ఇస్తారు, ఎంత పేరున్నా సరే.

మైకు_ముందు
'ప్రచారం వస్తుంది కదా' అనే మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రచారంతో రైలు టికెట్ రాదు. ఉద్యోగం మానుకుని, ఎదురు ఖర్చు పెట్టుకుని రాగలిగేవాళ్ళు ఎవరో ఆలోచించండి. వైవిధ్యం అక్కడే ఆగిపోతుంది, ఆహ్వానం పంపేలోపే.

వరసలో_ముందు
స్పాన్సర్లు మరి? 2024లో బ్రిటన్లో హే సాహిత్యోత్సవం సంగతి చదివాను, బేలీ గిఫర్డ్ అనే పెట్టుబడుల సంస్థ డబ్బు గొడవ.

సంచారి77
అవును. ఆ సంస్థ పెట్టుబడులు చమురు, గ్యాస్ కంపెనీల్లో, ఇజ్రాయెల్‌తో లావాదేవీలున్న కంపెనీల్లో ఉన్నాయని రచయితలు, కళాకారులు అభ్యంతరం చెప్పారు, కొందరు వేదిక నుంచి తప్పుకున్నారు. 2024 మేలో హే ఆ స్పాన్సర్‌షిప్ ఆపేసింది, కొద్దిరోజులకే ఎడిన్‌బరా కూడా. అంతకుముందు ఏడు ఎడిన్‌బరాకి గ్రేటా థన్‌బెర్గ్ రానని చెప్పింది కూడా ఆ చమురు, గ్యాస్ పెట్టుబడుల వల్లే.

అచ్చుతప్పు
ఆ నిర్ణయం నాకు ఇబ్బందిగానే ఉంది. నచ్చని డబ్బు వద్దనడం వేదిక మీద పెద్దవాళ్ళకి సులువు. ఆ డబ్బు పోతే ముందు కోత పడేది చిన్న టెంటుకే, పిల్లల కార్యక్రమాలకే.

ఆకుపచ్చసిరా
ఆ డబ్బు తీసుకుని, ఆ విధ్వంసంలో ఊళ్ళు పోగొట్టుకున్న కవిని అదే బ్యానర్ కింద నిలబెట్టి చదవమనడం మాత్రం ఎలా? నేనైతే చదవలేను.

అచ్చుతప్పు
అది కూడా నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

గడియారం_నాదే
స్పాన్సర్ల మీద వేరే చర్చ మొదలుపెట్టుకుందాం, అది ఒక్క రాత్రిలో తేలదు. ఇక్కడ పాఠకి గారి ఉత్తరం సంగతి చూద్దాం.

కొత్తకలం
ఒక్కటి అడిగి వదిలేస్తా. 'వైవిధ్యం' అని పోస్టర్ వేయకుండానే అందరూ కనిపించిన ఉత్సవం ఏదైనా ఉందా?

సంచారి77
నాకు గుర్తొచ్చేది 2012 లండన్. ఒలింపిక్స్‌కి ముందు, జూన్ చివర్లో, సౌత్‌బ్యాంక్ సెంటర్లో పొయెట్రీ పర్నాసస్ అని పెట్టారు. ఒలింపిక్స్‌లో పాల్గొనే ప్రతి దేశం నుంచీ ఒక కవిని పిలవాలని వాళ్ళ పట్టుదల, 204 దేశాలు. అందరూ వేర్వేరు దేశాలవాళ్ళే అయినప్పుడు 'వేరే' అని ఎవరికి పేరు పెడతారు?

మొదటి రోజు చిలీకి చెందిన కాసాగ్రాండే అనే బృందం హెలికాప్టర్లోంచి లక్ష కవితలు కురిపించింది, ఒక్కోటి పుస్తకంలో పెట్టుకునే గుర్తు మీద అచ్చేసి. ఆ బృందం అంతకుముందు వార్సా, బెర్లిన్, గెర్నికా లాంటి చోట్ల కూడా ఇలాగే చేసింది, బాంబులు పడిన ఊళ్ళ మీద కవితలు. జనం చేతులు చాచి పట్టుకోవడం వీడియోల్లో చూడచ్చు.

మైకు_ముందు
చూశా ఇప్పుడే. ఒక చిన్నపిల్ల నాన్న భుజాలెక్కి అందుకుంటోంది. ఆ కాగితం మీద కవిది ఏ దేశమో ఆ పిల్లకేం పట్టింది!

చివరిబెంచీ_పాఠకి
అందరి పోస్టులూ పెట్టుకుని ఉత్తరం రాశా. ముఖ్యమైన భాగం ఇది, చూడండి:

'నలుగురు రచయితల్ని నేపథ్యాన్ని బట్టి ఒకచోట చేర్చకుండా, వాళ్ళు రాసే విషయాన్ని బట్టి మిగతా సెషన్లలో చేర్చండి. ప్రతి సెషన్లోనూ ప్రతి రచయితా తన పుస్తకంలోంచి కొంత చదివాకే ప్రశ్నలు మొదలుపెట్టండి. మోడరేటర్లకి పుస్తకాలు కనీసం రెండు నెలల ముందు పంపండి, చదివినందుకు కూడా వాళ్ళకి పారితోషికం ఇవ్వండి. అనువాదకులకి ముందు వరసలో కుర్చీ, సొంత మైకు ఇవ్వండి. బధిర అతిథులున్న రోజు వాళ్ళు ఎంచుకున్న ప్రతి సెషన్‌కీ ఇద్దరు అనువాదకులతో సైగల అనువాదం పెట్టండి, రచనలు ముందుగా అందించండి, అనువాదకుల మీద లైటు ఉండేలా చూడండి. వచ్చే ఏడు ఆ నవలా రచయిత్రిని మళ్ళీ పిలవండి, ఈసారి ఒక గంట ఆవిడకే ఇవ్వండి.'

అడిగేవాణ్ణి
చదివినందుకు పారితోషికం అన్నది నా తరఫున పెట్టారు, సంతోషం. ఒక మార్పు చేయండి. 'మీ కార్యక్రమం మొత్తంలో నాకు నచ్చింది ఇది' అని నిజంగా నచ్చినదొకటి మొదట్లో రాయండి. తిట్లతో మొదలైన ఉత్తరం చివరిదాకా చదవరు.

చివరిబెంచీ_పాఠకి
నచ్చింది ఉంది. ఆఖరి రాత్రి బధిర కవి చదివాక హాలంతా చప్పట్లు కొట్టకుండా చేతులు పైకెత్తి ఊపింది, ఎవరూ నేర్పకుండానే, ఒకర్ని చూసి ఒకరు. అది రాస్తా.

చేతులే_మాటలు
అది తప్పకుండా రాయండి. ఆ కవికి అది చేరుతుంది.

మైకు_ముందు
నా సౌండ్ చెక్ ఏదమ్మా ఉత్తరంలో? మైకు స్టాండు కూడా.

చివరిబెంచీ_పాఠకి
పెడుతున్నా. 'ప్రదర్శన ఇచ్చేవాళ్ళకి సౌండ్ చెక్‌కి పావుగంట, పట్టపగలు ఒక సెషన్' అని.

అచ్చుతప్పు
పట్టపగలు పెడితే నేనూ వచ్చి కూర్చుంటా. నచ్చుతుందని మాటివ్వను.

గడియారం_నాదే
ఉత్తరం ఎప్పుడు పంపుతున్నారు? ఆలస్యం చేయకండి. వేసవి ఉత్సవాలకి ముఖ్య అతిథుల్ని అంతకుముందు శరత్కాలంలోనే ఖాయం చేసేస్తారు, చలికాలం చివరికి పట్టిక దాదాపు మూసేస్తారు. ఆ తర్వాత ఎంత మంచి సలహా వచ్చినా 'వచ్చే ఏడు చూద్దాం' అంటారు. పంపేటప్పుడు 'సంప్రదించండి' అని ఉండే మెయిల్‌కి పంపకండి, కార్యక్రమాలు చూసే మనిషి పేరు వెతికి వాళ్ళకే రాయండి.

చివరిబెంచీ_పాఠకి
ఇప్పుడే పేరు వెతుకుతున్నా. ఈ రాత్రికే పంపుతా, జవాబొస్తే ఇక్కడే పెడతా.